ఓటీజీలో డెజర్ట్ బార్లు: అంచులు గట్టిగా, నడుమ పచ్చిగా ఎందుకు వస్తున్నాయి, దేనితో మొదలుపెట్టాలి

ఇదే ఇబ్బంది పడుతున్న మరికొందరికి కూడా పనికొస్తుంది కనుక, ముందుగా మీరు రాసినదాన్ని క్లుప్తంగా మళ్లీ చెబుతాను. రాజమహేంద్రవరంలో మీ ఇంట్లో 20 లీటర్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) ఉంది. వరుసగా రెండు ఆదివారాలు బ్రౌనీలు, అంటే టిన్‌లో కాల్చి ముక్కలుగా కోసే చాక్లెట్ బార్లు, చేశారు. రెండుసార్లూ అంచులు పంటికి లొంగనంత గట్టిపడ్డాయి, నడుమ మాత్రం కత్తి దించితే పచ్చి పిండి అంటుకొని వచ్చింది. రెసిపీలో 8 అంగుళాల చదరపు టిన్ అని ఉన్నా, మీ దగ్గర 6 అంగుళాల గుండ్రటి కేక్ టిన్ ఒక్కటే ఉండటంతో పిండి మొత్తం అందులోనే పోశారు. మీ అత్తగారు గుడ్డు తినరు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు కాబట్టి వారానికోసారి శ్రమ లేకుండా చేయగలిగే బార్లు ఏవో చెప్పమన్నారు, విశాఖపట్నంలో హాస్టల్లో చదువుకుంటున్న మీ పెద్దమ్మాయికి పంపితే పాడవకుండా ఉంటాయా అని కూడా అడిగారు.

నేను పదహారేళ్లుగా ఇంట్లో బేకింగ్ చేస్తున్నాను, అందులో సగం కాలం ఇతరులకు నేర్పిస్తూ గడిపాను. మీరు చెప్పిన లక్షణాలు నా దగ్గరికి వచ్చినవారిలో ఎన్నోసార్లు చూశాను. మీ రెసిపీలో తప్పు ఉండే అవకాశం తక్కువ, మీరు పిండి కలిపిన తీరులో కూడా తప్పు ఉండకపోవచ్చు. ఒక్క లెక్క చూడండి. 8 అంగుళాల చదరపు టిన్ అడుగు వైశాల్యం 64 చదరపు అంగుళాలు. 6 అంగుళాల గుండ్రటి టిన్ వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాలు. అంటే అరంగుళం మందాన పరుచుకోవలసిన పిండి మీ టిన్‌లో అంగుళానికి పైగా నిలిచింది. బ్రౌనీ పిండిలో కేక్ పిండిలో ఉన్నన్ని గాలి బుడగలు ఉండవు. చాక్లెట్, వెన్న, పంచదార కలిసిన చిక్కటి ముద్ద కావడం వల్ల వేడి దానిలోకి చాలా నెమ్మదిగా చేరుతుంది. టిన్ గోడలకు తగిలిన భాగం ఎండిపోయే వేళకు కూడా నడిమికి వేడి అందదు. మీరు ఇంకో పది నిమిషాలు ఉంచి ఉంటే నడుమ ఉడికేదే గానీ, అంచులు మాడిపోయేవి.

డెజర్ట్ బార్ల విషయంలో నేను నేర్పే మొదటి పాఠం ఇదే. బార్‌కు రుచి పదార్థాల వల్ల వస్తుంది కానీ, అది బార్‌గా కుదరడం మాత్రం మందం వల్లనే. అందుచేత కొత్త టిన్ కొనే వరకు ఆగనవసరం లేదు. మీ దగ్గరున్న 6 అంగుళాల టిన్‌లోనే, 8 అంగుళాల కోసం రాసిన రెసిపీలో సగం కొలతలు తీసుకొని చేయండి, మీ సమస్య చాలావరకు తీరిపోతుంది. కొనదలిస్తే లేత రంగు అల్యూమినియం చదరపు టిన్ కొనండి. నల్లటి నాన్‌స్టిక్ టిన్ అంచులను త్వరగా ముదురు రంగుకు తెస్తుంది. గాజు పాత్ర ఆలస్యంగా వేడెక్కి, ఆ వేడిని బయటికి తీశాక కూడా పట్టి ఉంచుతుంది కాబట్టి దానిలో చేసేటప్పుడు ఉష్ణోగ్రత 15 డిగ్రీలు తగ్గించాలి. టిన్ కొనే ముందు ఓవెన్ లోపలి కొలత టేపుతో చూసుకోండి. టిన్ చుట్టూ అంగుళం చొప్పున ఖాళీ ఉంటేనే వేడిగాలి తిరుగుతుంది. మీ ఓటీజీలో 8 అంగుళాలది ఇరుకుగా ఉంటే 7 అంగుళాలది తీసుకోండి. దాని వైశాల్యం 49 చదరపు అంగుళాలు, అంటే 8 అంగుళాల రెసిపీలో ముప్పావు వంతు సరిపోతుంది. రెండు గుడ్లలో ముప్పావు వంతు ఎలా అంటారేమో, గుడ్లను గిలక్కొట్టి, తూచి, ఆ తూకంలో ముప్పావు వంతు తీసుకోవడమే.

రెండో అనుమానం ఓటీజీ మీద. చిన్న ఓటీజీలలో మీట మీద కనిపించే అంకె, లోపలి వేడి ఒకటిగా ఉంటాయని నమ్మకూడదు. నా మొదటి ఓటీజీని 180 దగ్గర పెడితే లోపల 205 డిగ్రీలు ఉండేది. ఆ సంగతి తెలియక ఏడాదిపాటు బిస్కట్లు మాడ్చాను. ఓవెన్‌లో తగిలించే చిన్న గుండ్రటి థర్మామీటర్ కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఓవెన్ తర్వాత మీరు కొనవలసిన మొదటి వస్తువు అదే అని గట్టిగా చెబుతాను. పై రాడ్, కింది రాడ్ రెండూ వెలిగేలా పెట్టి, కనీసం 15 నిమిషాలు ముందుగా వేడి చేయండి. దీపం ఆరిపోగానే ఓవెన్ అంతా వేడెక్కిందని అనుకోకండి, గోడలు కూడా వేడెక్కాలి. టిన్‌ను నడిమి అరలో పెట్టండి. పై రాడ్ దగ్గరగా ఉండటం వల్ల సగం సమయానికే పైభాగం రంగు తిరిగితే, అల్యూమినియం ఫాయిల్‌ను తగలకుండా వదులుగా కప్పండి.

మూడోది కాటా. కప్పుతో కొలిచినప్పుడు మైదాను డబ్బాలోంచి నేరుగా తోడి అదిమితే కప్పుకు 150 గ్రాములు వస్తుంది, చెంచాతో వదులుగా నింపి పైన కత్తితో చదును చేస్తే 120 గ్రాములే వస్తుంది. కేక్‌లో ఈ తేడాను ఎలాగోలా సర్దుకోవచ్చు గానీ, మొత్తం మైదా 70 గ్రాములే పడే బ్రౌనీలో 15 గ్రాములు ఎక్కువైతే ముక్క పొడిబారుతుంది. అందువల్ల ఇక్కడ నేను ఇచ్చే కొలతలన్నీ గ్రాముల్లోనే ఇస్తున్నాను, అన్నీ 8 అంగుళాల చదరపు టిన్‌కు సరిపోతాయి.

ఇప్పుడు దేనితో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు వస్తాను. అందరూ బ్రౌనీతో మొదలుపెడతారు. అది తేలిక అని పేరు పడింది గానీ, రెండు మూడు నిమిషాల తేడాలో పచ్చిగానో, పొడిగానో మారిపోయే పదార్థం అది. నా సలహా ఖర్జూరం, ఓట్స్ బార్లతో మొదలుపెట్టమని. వీటిలో గుడ్డు లేదు, గిలక్కొట్టే పని లేదు, ఐదు నిమిషాలు ఎక్కువ కాలినా చెడిపోవు, పిల్లలు చేతులు పెట్టి చేయగల పని ఉంది, మీ అత్తగారు నిరభ్యంతరంగా తింటారు. హాస్టల్‌కు పంపడానికి కూడా ఇవే సరైనవి.

గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు 250 గ్రాములు తీసుకొని, 180 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, చిన్న మంట మీద ఎనిమిది పది నిమిషాలు ఉడికించండి. గింజ తీసినవని ప్యాకెట్ మీద రాసి ఉన్నా ఒక్కొక్కటీ విప్పి చూడాలి, పిల్లల పన్ను విరిగే ప్రమాదం ఉంది. ఖర్జూరాలు కరిగి గరిటెకు అడ్డం పడకుండా తిరుగుతున్నప్పుడు, గిన్నె అడుగున గరిటెతో గీత గీస్తే ఆ గీత రెండు క్షణాలు నిలవాలి. అప్పుడే దించి, ఒక టేబుల్ స్పూను నిమ్మరసం కలిపి పూర్తిగా చల్లార్చండి. నిమ్మరసం మానకండి. ఖర్జూరపు తీపి మొహం మొత్తకుండా ఆపేది ఆ పులుపే.

వేరే గిన్నెలో మైదా 150 గ్రాములు, ఓట్స్ 120 గ్రాములు, బెల్లం పొడి 100 గ్రాములు, పావు టీస్పూను వంటసోడా కలపండి. వెన్న 140 గ్రాములు కరిగించి, చల్లారాక పోసి చేత్తో కలపండి. దుకాణంలో దొరికే పసుపు రంగు వెన్నలో ఉప్పు ఉంటుంది కాబట్టి మళ్లీ ఉప్పు వేయకండి, ఉప్పు లేని వెన్న అయితే రెండు చిటికెలు వేయండి. ఓట్స్ మామూలు చదును ఓట్స్ అయి ఉండాలి, మసాలా ఓట్స్‌గానీ మూడు నిమిషాల్లో ఉడికే పొడి ఓట్స్‌గానీ వద్దు. కలిపిన పిండిని పిడికిట్లో నొక్కితే సున్నుండలా నిలవాలి, వేలితో తడితే విరిగి రాలాలి. నిలవకపోతే ఒక చెంచా పాలు చల్లండి.

టిన్‌లో బటర్ పేపర్‌ను రెండు వైపులా బయటికి వేలాడేట్టు పరవండి, తర్వాత మొత్తం ఒక్కసారిగా పైకి ఎత్తడానికి అవే పిడులవుతాయి. మన దగ్గర బటర్ పేపర్ పేరుతో అమ్మే పల్చటి కాగితం కొన్ని రకాల్లో అంటుకుపోతుంది, అందుచేత దానికి కూడా కాస్త వెన్న రాయండి. పిండిలో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 340 గ్రాములు టిన్‌లో వేసి, గిన్నె అడుగుతో అదమమని పిల్లలకు ఇవ్వండి. మూలల్లో పల్చగా, నడుమ గుట్టగా వదిలేస్తారు. అక్కడ మాత్రం మీరు చేయి వేసి సరిచేయాలి, ఎందుకంటే పల్చటి మూల మాడిపోతుంది. దాని మీద ఖర్జూరం ముద్దను తడి చెంచాతో సమంగా పరచి, మిగిలిన పిండిని చిన్న చిన్న గడ్డలుగా చిదిమి పైన చల్లండి. పై పొరను అదమకూడదు. 175 డిగ్రీల వద్ద 30 నుంచి 35 నిమిషాలు పడుతుంది. గడ్డల కొసలు గోధుమ రంగుకు తిరిగి, అంచుల దగ్గర ఖర్జూరం సన్నగా బుడగలు కక్కుతున్నప్పుడు తీయండి. అప్పుడు ముట్టుకుంటే మెత్తగా, పచ్చిగా అనిపిస్తుంది. చల్లారాక గట్టిపడుతుంది కనుక, భయపడి మళ్లీ లోపల పెట్టకండి. ఓట్స్ పిండి కమ్మగా ఉందని పిల్లలు పచ్చిది నోట్లో వేసుకుంటారు. పచ్చి మైదాలో కూడా సూక్ష్మజీవులు ఉండవచ్చు, కాల్చకుండా తిననివ్వకండి.

ఇది రెండుసార్లు కుదిరాక రెండో మెట్టు షార్ట్‌బ్రెడ్ (గుల్లగా ఉండే వెన్న బిస్కట్) అడుగు. దీనికి గుర్తు పెట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: తూకంలో ఒక వంతు పంచదార, రెండు వంతులు వెన్న, మూడు వంతులు మైదా. 8 అంగుళాల టిన్‌కు 50 గ్రాముల పంచదార పొడి, 100 గ్రాముల వెన్న, 150 గ్రాముల మైదా సరిపోతుంది. మన పంచదార పలుకు పెద్దది కాబట్టి మిక్సీలో పొడి చేసుకోవాలి, లేకపోతే పంటి కింద కరకరలాడుతూ తగులుతుంది. కలిపి అదిమి, ఫోర్కుతో అంతటా గాట్లు పెట్టి, 170 డిగ్రీల వద్ద 20 నిమిషాలు కాల్చితే అడుగు సిద్ధమవుతుంది. దీని మీద ఏ పొర వేస్తే ఆ పేరుతో బార్ అవుతుంది. స్కాట్లాండ్‌లో దీని మీద కండెన్స్‌డ్ మిల్క్‌తో వండిన కారమెల్, ఆపైన చాక్లెట్ పోసి మిలియనేర్స్ షార్ట్‌బ్రెడ్ అంటారు. మన ఇళ్లలో నేను ఎక్కువగా చేసేది కొబ్బరి లౌజు పొరతో. 200 గ్రాముల పచ్చికొబ్బరి తురుము, 130 గ్రాముల బెల్లం కలిపి, కజ్జికాయలకు వండే పాకం కన్నా కాస్త ముందే, ఇంకా తడిగా ఉండగానే దించి, యాలకుల పొడి వేయండి. ఓవెన్‌లో అది మరికొంత ఆరుతుంది కనుక ముందే ముదరనిస్తే బార్ నమలలేనంత సాగుతుంది. 12 నిమిషాలు కాలిన అడుగు మీద దీన్ని పరచి, మరో 15 నిమిషాలు కాల్చండి. కొబ్బరి కొసలు అక్కడక్కడ ఎర్రబడితే చాలు. మీకు కోనసీమ కొబ్బరి కొంగుబంగారంలా పక్కనే ఉంది, వాడుకోండి. ఇందులోనూ గుడ్డు లేదు. అయితే పచ్చికొబ్బరి వేసవిలో ఒక్కరోజుకే పులుస్తుంది కాబట్టి వీటిని ఫ్రిజ్‌లో ఉంచి మూడు రోజుల్లో తినేయాలి.

గుడ్డు తినేవారికి అదే అడుగు మీద నిమ్మకాయ పొర చాలా బాగుంటుంది. 3 గుడ్లు, 200 గ్రాముల పంచదార పొడి, 120 మిల్లీలీటర్ల నిమ్మరసం, 25 గ్రాముల మైదా నురుగు రాకుండా కలిపి, ఓవెన్‌లోంచి తీసిన వేడి అడుగు మీదే పోసి, 160 డిగ్రీల వద్ద సుమారు 20 నిమిషాలు ఉంచాలి. గూడూరు నుంచి వచ్చే నిమ్మకాయలు చిన్నవైనా రసం బాగా ఇస్తాయి, కాయ పరిమాణాన్ని బట్టి ఆరు నుంచి ఎనిమిది పడతాయి. తొక్క కూడా తురిమి కలపదలిస్తే పై రంగు పొర వరకే తురమండి, తెల్లటి పొర తగిలితే చేదు వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పులుపు నేరుగా అల్యూమినియానికి తగిలితే లోహపు రుచి వస్తుంది, కాబట్టి బటర్ పేపర్ గోడల మీదికి కూడా రావాలి.

ఇక మీరు మొదలుపెట్టిన బ్రౌనీలు. వీటిని వదిలేయమని నేను చెప్పడం లేదు, మూడో మెట్టుగా చేయండి. డార్క్ చాక్లెట్ 120 గ్రాములు, వెన్న 115 గ్రాములు, పంచదార పొడి 180 గ్రాములు, పెంకు తీశాక 110 గ్రాములు తూగే గుడ్లు, మైదా 70 గ్రాములు, కోకో 20 గ్రాములు, ఒక చెంచా వెనిలా. బేకింగ్ పౌడర్ అక్కర్లేదు, వేస్తే కేక్ అవుతుంది. చాక్లెట్ కొనేటప్పుడు ప్యాకెట్ వెనక పదార్థాల పట్టిక చదవండి. కోకో బటర్ అని ఉంటే అసలైన చాక్లెట్, హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే కాంపౌండ్. రెండోది చవక, అలంకారానికి పనికొస్తుంది గానీ, బ్రౌనీలో మైనం లాంటి రుచి మిగిలిపోతుంది. చాక్లెట్‌ను, వెన్నను మరుగుతున్న నీళ్ల గిన్నె మీద వేరే గిన్నె పెట్టి కరిగించండి, పై గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు. గుడ్లలో పంచదార వేసి మూడు నాలుగు నిమిషాలు గట్టిగా గిలక్కొట్టండి. రంగు లేతపడి, విస్క్ ఎత్తితే రిబ్బనులా జారాలి. బ్రౌనీ మీద పల్చటి మెరిసే పొర పగుళ్లతో వస్తుందే, అది ఇక్కడ పంచదార గుడ్డులో ఎంత బాగా కరిగిందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. తర్వాత గోరువెచ్చని చాక్లెట్ కలిపి, మైదా, కోకో జల్లించి, తెల్లటి చారలు మాయమయ్యే వరకే కలపండి.

175 డిగ్రీల వద్ద 22వ నిమిషం నుంచి పరీక్షించడం మొదలుపెట్టండి. కేక్‌కు మనం పుల్ల శుభ్రంగా రావాలని చూస్తాం. బ్రౌనీకి ఆ పరీక్ష పెడితే ఎండిపోయిన ముక్క చేతికొస్తుంది. పుల్లకు జారే పిండి అంటితే ఇంకా కావాలి, తడి పలుకులు రెండు మూడు అంటి వస్తే వెంటనే తీసేయాలి. బయట పెట్టాక కూడా టిన్ వేడికి కొంతసేపు ఉడుకుతూనే ఉంటుంది.

అత్తగారి కోసం గుడ్డు లేని బ్రౌనీ అడిగేవారు చాలామంది ఉన్నారు. ఒక్కో గుడ్డుకు 60 గ్రాముల గట్టి పెరుగు, మొత్తానికి అర టీస్పూను బేకింగ్ పౌడర్ వేసి చేయవచ్చు. తినడానికి బాగుంటుంది. కానీ మెరిసే పొర రాదు, లోపల కేక్‌లా మెత్తగా ఉంటుంది. అది మీ తప్పు అనుకుంటారని ముందే చెబుతున్నాను. నా అభిప్రాయంలో, గుడ్డు మీద ఆధారపడిన పదార్థాన్ని గుడ్డు లేకుండా అనుకరించడం కన్నా, ఖర్జూరం బార్, కొబ్బరి బార్ లాగా మొదటినుంచీ గుడ్డు అక్కర్లేని వాటిని ఆమెకు బాగా చేసి పెట్టడం ఎక్కువ గౌరవంగా ఉంటుంది. ఆమె పట్టింపు ఉన్నవారైతే వేరే టిన్, వేరే గరిటె కేటాయించి, ఒకేరోజు రెండు రకాలు చేసేటప్పుడు గుడ్డు లేనివి ముందు కాల్చేయండి.

మార్పుల విషయానికి వస్తే, వెన్న బదులు నెయ్యి వాడవచ్చా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. వెన్నలో కొవ్వు సుమారు 80 శాతం, మిగిలినదానిలో ఎక్కువ భాగం నీరు. నెయ్యి దాదాపు అంతా కొవ్వే. అందుచేత 100 గ్రాముల వెన్నకు 80 గ్రాముల నెయ్యి, ఒకటి రెండు చెంచాల పాలు లెక్కగా వేయాలి. షార్ట్‌బ్రెడ్ అడుగు నెయ్యితో నానఖటాయిలా గుల్లగా వస్తుంది, బ్రౌనీకి మాత్రం నెయ్యి వాసన చాక్లెట్‌ను మింగేస్తుంది. ఇంట్లో మీగడ చిలికి తీసిన వెన్న అయితే చన్నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, నీళ్లన్నీ పిండేయాలి, మజ్జిగ మిగిలితే పుల్లటి వాసన వస్తుంది. మైదా బదులు గోధుమపిండిని ఖర్జూరం బార్లలో పూర్తిగా వాడవచ్చు. అది నీటిని ఎక్కువ పీలుస్తుంది కాబట్టి చెంచా పాలు అదనంగా కావాలి. బ్రౌనీలో సగానికి మించి వాడకండి. బెల్లం వాడేటప్పుడు దాని తడి చూసుకోండి. అనకాపల్లి దిమ్మ బెల్లం తురిమితే చేతికి జిగురుగా తగులుతుంది, దాన్ని పళ్లెంలో పరచి ఒక పూట ఆరనిచ్చి వాడితే పిండి ముద్దవకుండా ఉంటుంది. పంచదార తగ్గించాలనుకుంటే ఖర్జూరం బార్లలో బెల్లాన్ని సగం చేసినా ఇబ్బంది లేదు. బ్రౌనీలో 30 గ్రాములకు మించి తగ్గించవద్దు, ఎందుకంటే అక్కడ పంచదార పని తీపి ఒక్కటే కాదు, ముక్కలో తడిని పట్టి ఉంచేది కూడా అదే.

అన్ని రకాలకూ వర్తించే, అందరూ అశ్రద్ధ చేసే పని చల్లార్చడం. పిల్లలు చుట్టూ నిలబడి ఉంటారు, ఇల్లంతా వాసన నిండి ఉంటుంది, అయినా టిన్‌లోనే కనీసం రెండు గంటలు వదిలేయాలి. వేడిమీద కోస్తే వెన్న ఇంకా ద్రవంగానే ఉండి ముక్క విరిగిపోతుంది, మీ బ్రౌనీ నడుమ పచ్చిగా అనిపించడంలో కొంత పాత్ర దీనికి కూడా ఉండవచ్చు. చల్లారాక కాగితం పిడులతో పైకి ఎత్తి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, పొడవాటి కత్తిని వేడినీళ్లలో ముంచి తుడిచి, లాగకుండా పైనుంచి కిందికి నొక్కి కోయండి. ప్రతి కోతకూ కత్తి తుడవాలి. రెండంగుళాల చొప్పున కోస్తే పదహారు ముక్కలు వస్తాయి, అందులో మూలవి నాలుగే. మూల ముక్క కోసం మా ఇంట్లో జరిగిన తగాదాలు చూసి, ఇప్పుడు ఎవరి వంతు ఏ వారమో క్యాలెండర్ మీద రాసి పెడుతున్నాను.

మధ్యలో కరెంటు పోతే కంగారు పడి తలుపు తెరవకండి. కేక్ అయితే కూలిపోతుంది, బార్లలో నిలబెట్టవలసిన గాలి పెద్దగా లేదు కాబట్టి పావుగంట లోపు కరెంటు వస్తే అదనంగా కొన్ని నిమిషాలు ఇచ్చి గట్టెక్కవచ్చు. ఓవెన్ లేని మీ చెల్లెలు కుక్కర్లో చేయవచ్చా అని కూడా ఒక వాక్యం రాశారు. మందపాటి పాత మూకుడు గానీ దబర గానీ తీసుకొని, అడుగున ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడి చేసి చేయవచ్చు. ఖర్జూరం బార్లు అలా బాగానే వస్తాయి, పైన రంగు మాత్రం తక్కువగా ఉంటుంది. ప్రెషర్ కుక్కర్‌ను నీళ్లు లేకుండా వేడి చేయడం వల్ల అది పాడవుతుంది, దానిని వాడవద్దు.

చివరగా హాస్టల్ సంగతి. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు వచ్చే మహిళల భోజనపు పెట్టెల్లో పెట్టడానికి, చేత్తో పట్టుకొని తినగలిగే చిన్న తీపి కావాలని అడిగితే బ్రౌనీ పుట్టిందని అక్కడి పామర్ హౌస్ హోటల్ చెప్పుకుంటుంది. పెట్టెలో ప్రయాణించడం ఈ రకానికి మొదటినుంచీ ఉన్న గుణం అన్నమాట. మీ అమ్మాయికి ఖర్జూరం బార్లే పంపండి, నిమ్మకాయవి, కొబ్బరివి పంపకండి. ముందురోజు చేసి, రాత్రంతా ఆరబెట్టి, ముక్కలుగా కోసి, గాలి చొరబడని గట్టి డబ్బాలో ఒక్కో వరుసకూ మధ్య బటర్ పేపర్ వేసి, కదలకుండా నింపండి. ఖాళీ మిగిలితే పైన కాగితం మడిచి పెట్టండి. గోరువెచ్చగా ఉండగానే మూత పెడితే లోపల ఆవిరి పట్టి త్వరగా బూజు వస్తుంది. చలికాలంలో అయిదు రోజులు, వేసవిలో మూడు రోజులు బయట నిలుస్తాయి. ఎక్కువ చేసినప్పుడు సగం ఫ్రీజర్‌లో దాచి, వచ్చే నెల బస్సు బయలుదేరే రోజు పొద్దున తీసి బయట పెట్టండి. బస్సు విశాఖపట్నం చేరే వేళకు మెత్తబడి, తినడానికి సిద్ధంగా ఉంటాయి.